పదకొండో వారం రంగు

ఫెర్మిన్ సొలానోను బూట్లు కడిగే తొట్టిలో ముంచి చంపారు.

తొట్టి లోతు జానెడు. అందులో ఉండేది మందు కలిపిన నీళ్ళు. అరటి తోటలో అడుగు పెట్టే ప్రతివాడూ, యజమాని అయినా సరే, రెండు కాళ్ళూ అందులో పెట్టి ముప్పై లెక్కపెట్టాలి. ఆ అలవాటు చేయించింది ఫెర్మినే. సర్కారు తెగుళ్ళ ఇన్‌స్పెక్టరుగా పంతొమ్మిదేళ్ళు మతీనా లోయలో గేటు గేటుకీ తిరిగి లెక్క పెట్టించాడు. మంగళవారం సాయంత్రం ఐదున్నరకి ఎవరో అతని మెడ మీద మోకాలు పెట్టి, ముఖాన్ని ఆ నీళ్ళలో అదిమి, ముప్పై దాటాక కూడా వదల్లేదు. కాపలావాడు వచ్చేసరికి మెడ ఎముక విరిగి ఉంది. కుడి పిడికిట్లో ప్లాస్టిక్ రిబ్బను ముక్క ఉంది. నారింజ రంగు.

బుధవారం పొద్దున ఏడింటికి ఆ ముక్క రాజధాని సాన్ హోసేలో, ఒక రొట్టెల దుకాణం మేడ మీద, దోన్యా సీనియా బల్ల మీద ఉంది. దేశానికి సైన్యం లేదు. ఉన్నది ఈ మేడ మీది గూఢచారి ఆఫీసు, ఇందులో పనిచేసే తొమ్మిది మంది. దోన్యా సీనియా వాళ్ళకి పెద్ద. ఆవిడ కాఫీ ఇచ్చిందంటే చెడ్డవార్త ఉందని అర్థం. ఆ తొమ్మిదిలో ఒకడైన ఓల్మన్ సెగూరా ముందు రెండు కప్పులు పెట్టింది.

విషయం ఆవిడ నాలుగు ముక్కల్లో చెప్పింది. సముద్రం అవతల ఒక రేవు పట్టణంలో అరటి వ్యాపారం చేసే ముఠా ఉంది. టైము ప్రకారం వచ్చి, టైము ప్రకారం చంపి వెళతారు కాబట్టి ఆఫీసు వాళ్ళకి పెట్టిన పేరు గుమాస్తాలు. గుమాస్తాల దగ్గర ఒక థర్మాస్ ఉంది. అందులో పిడికెడు మట్టి. ఆ మట్టిలో పనామా తెగులు, దాంట్లోనూ కొత్త రకం. ఇది పడిన నేలలో ముప్పై ఏళ్ళు అరటి బతకదు. మందు లేదు. ఆ పిడికెడు మట్టి పెద్ద కాలువలో పడితే లోయ మొత్తానికి పారుతుంది. ఇక్కడ గెలలు ఆగితే అక్కడ వాళ్ళ గెలల ధర మూడింతలవుతుంది.

"మనం రెండు కాళ్ళ మీద నడుస్తున్నాం" అంది దోన్యా సీనియా. "ఒకటి ఓడ ఎక్కే పండు, రెండోది విమానం దిగే మనిషి. ఇప్పుడు సీజను. నువ్వు అక్కడ తుపాకీ పేల్చావనుకో, రెండో కాలు విరుగుతుంది. తెగులు గురించి పేపర్లో పడిందనుకో, అది పుకారే అయినా సరే, మొదటి కాలు ఆ రోజే విరుగుతుంది. అర్థమైందా?"

"అంటే పిస్తోలు వద్దంటారు."

"డ్రాయర్లో పెట్టి వెళ్ళు."

ఈ కబురు మోసుకొచ్చింది సిల్వానా కెస్లర్. మతీనా పక్కన అడవిలో ఆమెకి ఒక లాడ్జి ఉంది. కప్పల్నీ పిట్టల్నీ చూడటానికి విదేశీయులు వస్తారు. నాలుగేళ్ళుగా ఆఫీసుకి సమాచారం ఇస్తోంది. గుమాస్తాలు ఆమెని తమ మనిషే అనుకుంటున్నారని ఆఫీసు నమ్మకం. థర్మాస్ గురువారం మొయిన్ రేవులో దిగుతుందని ఆమె చెప్పింది. అందుకని ఆరుగురు ఏజెంట్లు మొయిన్‌లో కూర్చున్నారు. కానీ ఫెర్మిన్‌ని చంపింది రేవులో కాదు, అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో, తోట గేటు దగ్గర.

ఓల్మన్‌ని ఎంచుకోవడానికి కారణం అడగక్కర్లేదు. అతను పుట్టింది ఆ తోటలోనే. అతని అక్క మారియెలోస్ ఇప్పుడు అక్కడ ప్యాకింగ్ షెడ్డుకి మేస్త్రీ. ఊళ్ళో ఆరువందల కొంపలు ఆ గెలల మీదే పొయ్యి రాజేస్తాయి. అందులో అక్క కొంప ఒకటి.

దోన్యా సీనియా ఒక స్టిక్కర్ల చుట్ట ఇచ్చింది. పండు మీద అంటించే మామూలు స్టిక్కర్ లాగే ఉంది. లోపల పలచటి ట్రాన్స్‌మిటర్. దేనికి అంటిస్తే అది ఎక్కడుందో చేతి గడియారంలో చుక్కగా కనిపిస్తుంది.

*

మధ్యాహ్నం ఒంటిగంటకి తెల్లకోటు, కళ్ళద్దాలు, అట్ట పట్టుకున్న క్వాలిటీ ఇన్‌స్పెక్టరు ఒకడు తొట్టిలో ముప్పై లెక్కపెట్టి తోటలోకి వచ్చాడు. షెడ్డులో నీళ్ళ తొట్ల పక్కన నలభై మంది ఆడవాళ్ళు గెలల్ని అత్తాలుగా కోస్తున్నారు. మారియెలోస్ చూసింది. చేతిలో కొడవలి ఆపలేదు.

"అద్దాలు పెట్టుకుంటే ముక్కు మారిపోతుందనుకున్నావురా?"

"అక్కా, నెమ్మదిగా."

"మూడేళ్ళయింది నువ్వు మొహం చూపించి. నెమ్మదిగానే ఉన్నా."

అతను కోటు జేబులోంచి రిబ్బను ముక్క తీశాడు. ఆమె కొడవలి ఆపింది. ముక్కని వేళ్ళ మధ్య తిప్పి, వాసన చూసింది.

"ఎక్కడిది?"

"ఫెర్మిన్ చేతిలోది."

ఆమె మోచేతులు తుడుచుకుని అతన్ని షెడ్డు వెనక్కి తీసుకెళ్ళింది. నారింజ రిబ్బను తోటలో వేల గెలలకి ఉంది. గెల వేసిన వారం దానికి నీలం సంచీ తొడిగి ఒక రంగు రిబ్బను కడతారు. వారానికో రంగు. పదకొండు వారాలయ్యాక ఆ రంగు గెలల్ని కోస్తారు. ఈ వారం కోస్తున్నవి నారింజవి. ఈ వారం కడుతున్న రంగు మట్టి రంగు.

"పదకొండు వారాలు వానలో తడిస్తే రిబ్బను వెలవాలి, జిగురు కారి నల్లబడాలి" అంది. "ఇది కొత్తది. ఈ వారం నారింజ కట్టేవాడు ఈ దేశంలో ఉండడు. చంటిపిల్లాడికి మీసాలు పెట్టినట్టు ఉంటుంది."

వాళ్ళు డెల్‌రాయ్‌ని పిలిచారు. తోటంతా నిలువెత్తున ఇనుప తీగ కట్టి ఉంటుంది. దాని మీద కప్పీలకి పాతిక గెలలు వేలాడదీసి, నడుముకి పట్టా బిగించుకుని షెడ్డు దాకా ఉరికేవాడు డెల్‌రాయ్. లిమోన్ పట్టణం వాడు. ఓల్మన్‌తో కలిసి బడి ఎగ్గొట్టిన మనిషి. కళ్ళద్దాలు చూసి, చూపు పోయిందా లేక బుద్ధి వచ్చిందా అని అడిగాడు. లేత గెలకి నారింజ ఎక్కడైనా చూశావా అంటే, చూశాను, కొత్తగా చేరిన వెధవ ఎవడో కట్టాడనుకున్నాను అన్నాడు.

పద్నాలుగో బ్లాకు. పెద్ద కాలువ గట్టు. మూడు చెట్లు వరసగా, వేలెడేసి కాయలున్న గెలలకి నారింజ రిబ్బన్లు. వాటిలో ఒకటి సగం చిరిగి ఉంది. ఫెర్మిన్ చింపింది అదే.

మట్టి పొయ్యాల్సిన చోటుకి గుర్తు పెట్టినవాడు వేరు, థర్మాస్ తెచ్చేవాడు వేరు అని ఓల్మన్ అక్కడ నిలబడి తేల్చుకున్నాడు. వేలాది రిబ్బన్ల మధ్య మూడు రిబ్బన్లు ఎవడికి కనిపిస్తాయిలే అని గుర్తు పెట్టినవాడు అనుకున్నాడు. థర్మాస్ తెచ్చేవాడు తోట మనిషి కాడు. వాడు బయటివాడిగానే వస్తాడు. రేపు తొమ్మిదింటికి సిల్వానా లాడ్జి నుంచి పద్దెనిమిది మంది టూరిస్టులు అరటి తోట చూడటానికి వస్తున్నారని మారియెలోస్ చెప్పింది. పిట్టలు చూసేవాళ్ళు. ప్రతివాడి భుజానా థర్మాస్ ఉంటుంది.

గేటు దగ్గర పద్దెనిమిది మందినీ వెతికించవచ్చు. వెతికితే వాడు అక్కడే మూత తీస్తాడు.

ఓల్మన్ మూడు నారింజ రిబ్బన్లూ విప్పి, ఆ గెలలకి మట్టి రంగువి కట్టాడు. విప్పినవి తీసుకెళ్ళి తొమ్మిదో బ్లాకులో, కాలువకి దూరంగా, మెరక మీద మూడు లేత గెలలకి కట్టాడు. అక్కణ్ణించి పక్కనే తీగదారి వెళుతుంది. డెల్‌రాయ్‌తో ఒక్క మాట చెప్పాడు. డెల్‌రాయ్ తల ఊపి, దీనికి సారా పోయిస్తావా అని మాత్రం అడిగాడు.

*

సాయంత్రం లాడ్జిలో సిల్వానా అతని బల్ల దగ్గరికి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళు. తెల్ల నార బట్టలు, మెడలో పచ్చ కప్ప బొమ్మ. లాడ్జిలో ఉన్న మగాళ్ళందరూ బైనాక్యులర్లు దించి చూశారు.

"పాత సినిమా హాలు నుంచి తూర్పుకి వంద మీటర్లు పోతే ఏమొస్తుంది సార్?" అంది.

"ఆ హాలు కాలిపోయి ముప్పై ఏళ్ళయింది."

"అయినా దారి అక్కణ్ణించే చెప్తాం."

కోడ్ సరిపోయింది. ఆమె కూర్చుంది. మీరు మొయిన్‌లో ఉండాలి కదా అంది. అనుమానం వచ్చింది అన్నాడతను. అయితే సాయం చేస్తాను అంది ఆమె. ఓల్మన్ ఆమెకి ఒక స్టిక్కర్ ఇచ్చాడు. ఏ థర్మాస్‌లోంచి టీ తాగడం లేదో దానికి అంటించమన్నాడు. రిబ్బన్ల సంగతి చెప్పలేదు. ఆమె మీద అనుమానంతో కాదు, తొమ్మిది మంది ఆఫీసులో ఒకరి సంగతి ఒకరికి చెప్పకపోవడం అలవాటు.

అరగంటకి గడియారంలో చుక్క వెలిగింది.

*

గురువారం తొమ్మిదీ పదికి ఓల్మన్ తొమ్మిదో బ్లాకులో ఒక చెట్టు వెనక కూర్చుని గడియారం చూస్తున్నాడు. చుక్క షెడ్డు దగ్గరే ఉంది. టూరిస్టులకి అక్కడ పండ్లు రుచి చూపిస్తున్నారు. తొమ్మిదీ పన్నెండు. చుక్క కదల్లేదు. తొమ్మిదీ పద్నాలుగు.

వెనక ఎండాకు విరిగింది.

పక్కకి దొర్లకపోతే కత్తి వెన్నులో దిగేది. డొక్కలో దిగింది. కెమెరా స్టాండు కాలు చివర జానెడు బ్లేడు. పట్టుకున్న మనిషి లాడ్జి రిజిస్టరులో హెన్రిక్ వోస్, రిటైరయిన భూగోళం టీచరు, అరవై రెండేళ్ళు. చేతులు మాత్రం టీచరువి కావు. ప్యాంటు మోకాలి దగ్గర రంగు వెలిసి ఉంది. మందునీళ్ళు పడితే అలాగే వెలుస్తుంది. భుజాన థర్మాస్ ఉంది. దాని మీద స్టిక్కర్ లేదు.

వోస్ బ్లేడు లాగి మళ్ళీ పొడిచాడు. ఓల్మన్ ఎడమ అరచేత్తో పట్టుకున్నాడు. బ్లేడు అరచేతిలోంచి ఇవతలికి వచ్చింది. అతను చెయ్యి వదల్లేదు. బ్లేడుతో సహా మనిషిని తన మీదికి లాక్కుని నుదుటితో ముక్కు మీద కొట్టాడు. ముక్కు పగిలింది. ఇద్దరూ బురదలో పడ్డారు. వోస్ పైకొచ్చాడు. మోకాలు మెడ మీద పెట్టాడు. ఆ మోకాలికి అలవాటైన పనే. ఓల్మన్ కళ్ళ ముందు నల్లబడింది. చేతికి దొరికిన అరటి పిలక మొదలుతో చెవి మీద మూడుసార్లు కొట్టాడు. మూడోసారికి మోకాలు జారింది. ఓల్మన్ రెండు కాళ్ళతో వాణ్ణి తన్ని తీగదారి మీదికి నెట్టాడు.

డెల్‌రాయ్ అప్పటికే ఉరుకుతున్నాడు. పాతిక గెలలు, ఏడువందల యాభై కిలోలు, ముందు ఇనుప కడ్డీ. పది గజాల దూరంలో నడుము పట్టా ఊడదీసి పక్కకి దూకాడు. గెలల వరస ఆగలేదు. వోస్ లేచి నిలబడటం ఒక్కటే చేశాడు. కడ్డీ ఛాతీలో దిగింది. వెనక ఇనుప స్తంభం ఉంది. గెలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి గుద్దుకున్నాయి. పాతిక చప్పుళ్ళు. తరవాత ఆకుల మీద నీటి చుక్కలు పడుతున్న శబ్దం మిగిలింది.

"సారా రెండు సీసాలు" అన్నాడు డెల్‌రాయ్.

చిన్న శబ్దం వచ్చింది, వక్క కొరికినట్టు. డెల్‌రాయ్ మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారింది.

సిల్వానా గెలల పక్కనుంచి వచ్చింది. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్తోలు. ఓల్మన్ వైపు గురి తప్పకుండా వంగి, శవం భుజం నుంచి థర్మాస్ తెంపింది. పట్టీకి రక్తం అంటింది. దాన్ని తెల్ల ప్యాంటుకి తుడిచింది.

"స్టిక్కర్ ఎవరికి అంటించావు?" అన్నాడు ఓల్మన్.

"షెడ్డులో ఉన్న ఒక ముసలమ్మ టూరిస్టు టోపీకి. పాపం, మూడో పండు తింటోంది." ఆమె మూడు నారింజ రిబ్బన్ల వైపు చూసింది. "మార్చేశారన్నమాట. వీడు పిచ్చివాడిలా వీటి వెంట ఇటొచ్చాడు. నేను కాలువ గట్టున ఎదురుచూస్తున్నాను. నా చేత్తో కట్టిన చోటు నాకు రిబ్బను లేకపోయినా తెలుసు."

"ఎంతిచ్చారు వాళ్ళు?"

"డబ్బు కాదు దోన్ ఓల్మన్. మీ తాత ఇక్కడికి వచ్చినప్పుడు ఇదంతా అడవి. అరటి చస్తే ఈ నేల ఎవరికీ అక్కర్లేదు. పదేళ్ళలో చెట్లు లేస్తాయి, ఇరవై ఏళ్ళలో జాగ్వార్ వస్తుంది. వాళ్ళకి ధర కావాలి, నాకు అడవి కావాలి. ఇద్దరికీ పని ఒకటే."

"అడవొస్తుంది. మా అక్క ఏం తింటుంది? పిట్టల్నా?"

"గదులు ఊడ్చడానికి మనుషులు కావాలి నాకు" అంది.

ఆమె అది వెక్కిరింపుగా అనలేదు. అందుకే ఓల్మన్‌కి అంతదాకా రాని కోపం అప్పుడు వచ్చింది.

ఆమె వెనక్కి నడుస్తూ, తీగదారి వెంబడి పద్నాలుగో బ్లాకు వైపు వెళ్ళింది. ఎనభై గజాలు. అతను డొక్క పట్టుకుని లేచాడు. ఆమె కాల్చింది. గుండు భుజం మాంసాన్ని చీల్చుకుపోయింది. అతను చెట్ల వరసలో పడి, వంగి పరిగెత్తాడు. ఇంకో గుండు. అరటి బోదె చిల్లు పడి నీరు చిమ్మింది. అడుగు వేసినప్పుడల్లా డొక్కలోంచి వెచ్చగా కారుతోంది. తల తేలిపోతోంది. ఆమె కాలువ గట్టెక్కింది. పిస్తోలు చంకలో పెట్టుకుని రెండు చేతులతో మూత తిప్పింది. ఒక చుట్టు. రెండు చుట్లు. మూత ఊడి కింద పడింది.

ఓల్మన్ ఆమె నడుముకి తగిలాడు. ఇద్దరూ గట్టు మీద పడ్డారు. థర్మాస్ ఆమె చేతిలోంచి జారి, మట్టి కక్కుతూ, నీళ్ళవైపు దొర్లింది. అతను మోచేతుల మీద పాకి దాని మీద బోర్లా పడ్డాడు. థర్మాస్ మూతి పొట్ట కింద గుచ్చుకుంది. ఒలికిన మట్టంతా ఛాతీ కింద ఉంది. కాలువ నీళ్ళు ముఖానికి బెత్తెడు దూరంలో పారుతున్నాయి.

సిల్వానా లేచి మోకాళ్ళ మీద కూర్చుని పిస్తోలు అందుకుంది. అతను కదిలితే మట్టి జారుతుంది. కదల్లేదు. పిస్తోలు గొట్టం మెడకి వేడిగా తగిలింది.

షెడ్డుకి గెలలు రావడం ఆగి నాలుగు నిమిషాలైంది. గెలలు రాకపోతే నలభై మంది ఆడవాళ్ళు చేతులు ముడుచుకుని నిలబడాలి. అలా జరిగితే మేస్త్రీ స్వయంగా వచ్చి గెలలు లాగేవాణ్ణి తిడుతుంది. మారియెలోస్ డెల్‌రాయ్‌ని తిట్టడానికే బయలుదేరింది. దారిలో స్తంభానికి అతుక్కున్న శవాన్ని చూసింది. డెల్‌రాయ్ కాలువ వైపు చెయ్యి చూపించాడు. ఆమె అతని నడుము నుంచి మచ్చుకత్తి లాక్కుని పరిగెత్తింది.

ముప్పై ఏళ్ళుగా రోజుకి రెండు వేల అత్తాలు కోసిన చెయ్యి. ఒకే వేటు. పిస్తోలూ దాన్ని పట్టుకున్న చెయ్యీ ఆకుల మీద పడ్డాయి. సిల్వానా మణికట్టు వైపు చూసింది. అరవలేదు. ఎడమ చేత్తో ఓల్మన్ చొక్కా పట్టుకుని లాగబోయింది, అతన్ని మట్టితో సహా నీళ్ళలోకి దొర్లించడానికి. రెండో వేటు మెడ మీద పడింది. ఆమె గట్టుకి అవతలి వైపు ఒరిగింది.

మారియెలోస్ కత్తి దించింది.

"లేవరా" అంది.

"లేవకూడదక్కా. నా కింద ఉంది."

ఆమె అర్థం చేసుకుంది. తలగుడ్డ విప్పి దాంతో అతని భుజం కట్టింది. డొక్క కింద చెయ్యి పెట్టబోతే వద్దన్నాడు. తెగుళ్ళ శాఖవాళ్ళకి కబురు పెట్టమన్నాడు. ప్లాస్టిక్ షీట్లు, సున్నం, కిరోసిన్ తెమ్మన్నాడు. డెల్‌రాయ్‌ని ముందు ఆసుపత్రికి పంపమన్నాడు. నువ్వు చచ్చిపోతావురా అంది ఆమె. కదలకుండా చస్తానులే అన్నాడు.

వాళ్ళు వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ఈలోగా, సిల్వానా పోయాక, టూరిస్టులకి గైడు లేకుండా పోయింది. ఎవరికీ ఏమీ తెలియకూడదు. మారియెలోస్ శవాల మీద నీలం సంచీలు కప్పించి, రక్తం మీద అరటాకులు పరిపించి, షెడ్డులో ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చిన పిల్లకి జెండా ఇచ్చి, వాళ్ళని గట్టుకి దూరంగా ట్రాక్టరు బాట మీంచి బయటికి నడిపించింది. పదిహేడు మంది వెళుతూ, కాలువ పక్కన బోర్లా పడుకున్న మనిషిని చూశారు. కొందరు ఫొటో తీశారు. ఆయన చీమల మీద పరిశోధన చేస్తున్నారని ఆ పిల్ల చెప్పింది.

తెగుళ్ళ శాఖవాళ్ళు అతని చుట్టూ మూడడుగుల లోతున నేల కోసి, అతని ఒంటి మీంచి తీసిన చొక్కాతో, ప్యాంటుతో, బూట్లతో సహా అంతా అక్కడే కాల్చారు. నీళ్ళ నమూనాలు తీశారు. వారం తరవాత ఫలితం వచ్చింది. కాలువ శుభ్రం. ఆ రోజు గెలలు ఆ రోజే ఓడ ఎక్కాయి.

లిమోన్ ఆసుపత్రిలో ఓల్మన్‌కి డొక్కలో ఇరవై రెండు కుట్లు, అరచేతిలో తొమ్మిది. పక్క మంచం మీద డెల్‌రాయ్. శనివారం దోన్యా సీనియా వచ్చింది. కాఫీ తీసుకురాలేదు. అది చూసి ఓల్మన్ కాస్త వెనక్కి వాలాడు. కాగితం ఒకటి తెచ్చింది.

"పర్యాటక శాఖ వాళ్ళు వివరణ అడిగారు" అంది. "ఆ గుంపులో ఒకాయన ఇంటర్నెట్‌లో రాశాడట. ఐదు నక్షత్రాలు ఇవ్వాల్సింది, ఒకటి తగ్గించాను, ఎందుకంటే పొద్దున పదింటికే కూలీ ఒకడు పని మానేసి కాలువ గట్టున పడుకుని నిద్రపోతున్నాడు అని. ఫొటో కూడా పెట్టాడు. నీ వీపు బాగానే వచ్చింది."

ఓల్మన్ నవ్వబోయాడు. కుట్లు నవ్వనివ్వలేదు.

"మిగతా నాలుగు దేనికట?"

దోన్యా సీనియా కళ్ళద్దాలు సర్దుకుని కాగితం చూసింది.

"అరటిపండ్లు బాగున్నాయట."